ఎడమ మడమ ముక్క

ఆ ఉదయం మబ్బులు పలకల గని దాకా వచ్చి, ఒక్క చినుకూ రాల్చకుండానే వెనక్కి మళ్ళాయి.

2079 నాటికి మార్కాపురం చుట్టుపక్కల చెప్పులు పారేసేవాళ్ళు లేరు. అరిగిన ముక్కను మాత్రం ఊడదీసి కూడలిలోని డబ్బాలో వేస్తారు. కరుణమ్మ కార్ఖానాలోని పొరముద్రణ యంత్రం, అంటే త్రీడీ ప్రింటర్, అలాంటిదే కొత్తది పోసి ఇస్తుంది. ముక్క మీద అంకె తప్ప పేరుండదు. లోపలున్న నడకపోగు, వెంట్రుకంత సెన్సర్, తొడిగిన మనిషి అడుగులను గుర్తుంచుకుంటుంది.

417వ జోడు ఎడమ మడమ మూడు నెలల్లో మూడోసారి వచ్చింది.

ఐదేళ్ళు అరగదని కరుణమ్మ ఊరికి మాటిచ్చిన మడమ అది. ఆ మాట మీదే చేత్తో చెప్పులు కుట్టే అన్న దేవదానం ఆమెతో తెగతెంపులు చేసుకున్నాడు. "నీ మిషను చెప్పు అరిగిన రోజున వస్తాలే నీ గడపకు" అన్నాడు. మూడేళ్ళయింది.

"ఎక్కడ తప్పు చేశాను?" అని యంత్రాన్ని అడిగింది.

"ముక్కలో లోపం లేదు. ఈ మనిషి రోజూ మధ్యాహ్నం ఆరువందల నలభై అడుగులు నడుస్తాడు. ఒక రాతి మీద పది నిమిషాలు నిలబడతాడు. ఎడమ మడమ మీద తిరిగి వెళ్ళిపోతాడు. వచ్చిన పని మరచిపోతున్నట్టుంది. డాక్టరుకు చూపించాలి."

"ఏ రాయి?"

"మడమ మీది గీతల్లో నల్ల పలకపొడి ఉంది."

ఆ వీధిలో పలకరాతి మెట్టు ఒక్కటే, ఆమె గడప ముందుది. కరుణమ్మ బయటికొచ్చి వంగి చూసింది. మెట్టు అంచున నెలవంకలా గీరుకుపోయిన మచ్చ. దేవదానానికి కుడి మోకాలు వంగదు. ఎటు తిరిగినా ఎడమకాలి మీదే.

"ఇంకా గట్టి మడమ పోయనా? ఇక అరగదు" అంది యంత్రం.

"వద్దు."

మధ్యాహ్నం ఆమె రోజూ మూసి ఉంచే తలుపు బార్లా తీసి పెట్టింది. మెట్టు మీద దేవదానం కొంచెం ఒరిగి నిలబడి ఉన్నాడు. ఎడమ చెప్పుకు మడమ లేదు.

"ఎప్పట్నించి తొడుగుతున్నావన్నా?"

"ఏడాదైంది. అరుగుద్దేమోనని."

"అరిగింది. నువ్వే గెలిచావు."

అతను మెట్టు మీది మచ్చ వైపు చూశాడు. "దానంతటది అరగలా. నేనే అరగదీశా. మాటంటూ అన్నాక ఊరికే ఎట్లా వచ్చేది?"

"సంకటి చల్లారిపోద్ది."

దేవదానం గోడ పట్టుకుని పట్టీలు విప్పాడు. చెప్పులు మెట్టు మీద వదిలి లోపలికొచ్చాడు. ఒకే చాప మీద కూర్చున్నారు. ఆమె వడ్డించింది. ఇద్దరూ తిన్నారు.