నీళ్ళ అడుగున తోడు

"ఆ సంచిలో నుంచి నా బట్టలు యాల తీస్తాండావమ్మా?"

"హరి ఒక్కడే పోతాడని మీ నాయిన అన్నాడు కాబట్టి." తులసమ్మ కూతురి చుడీదార్లు మంచం మీద వేసి, సంచిలో చెనిక్కాయల ఉండల డబ్బా పెట్టింది. జాహ్నవి డబ్బా తీసి బట్టలు మళ్ళీ సర్దింది. పొద్దున్నుంచి ఇది మూడోసారి.

సముద్ర జీవుల చదువు చదివిన జాహ్నవి, నిరుడు, 2004లో, పాండిచ్చేరిలో వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని నీళ్ళ అడుక్కి దిగడం నేర్చుకుంది. ఆడపిల్లను ఒంటరిగా పంపలేక ఆమె తమ్ముడు హరినాథ్‌ను తండ్రి గోపాలస్వామి తోడిచ్చాడు. నీళ్ళలోకి ఇద్దరిద్దరుగానే దిగాలన్నారు గనక, తోడు పోయినవాడూ నేర్చుకోవలసి వచ్చింది. ఇప్పుడు అండమాన్‌లో పగడపు దిబ్బలు పరిశీలించే పనికి ఇద్దరికీ పిలుపొచ్చింది. ఎవరొస్తారో ఈ రోజే ఫోన్ చేసి చెప్పాలి.

వసారాలో టమోటాలు ఏరుతున్న గోపాలస్వామి తలెత్తాడు. "మొగోడైతే ఊపిరి బిగబట్టి ఎట్టనో బయటపడతాడు. నీకేమన్నా అయితే?"

"ఊపిరి బిగబట్టనే కూడదు నాయినా. అదే మొదటి పాఠం. మన బావిలో ఈత గాదది."

"సూడు, ఎట్ట ఎదురు మాట్లాడతాండాదో! నిరుడు నీకు గాలి అయిపోతే పైకి తెచ్చింది వీడు గాదా?" అంది తులసమ్మ.

జాహ్నవి బట్టలు సర్దుతూనే ఉంది. ఏడాదిగా ఈ మాట వచ్చినప్పుడల్లా ఆమె ఇలాగే ఏదో పనిలో పడుతుంది. గడప మీద కూర్చున్న హరినాథ్, డబ్బాలోంచి తీసుకున్న ఉండను కొరక్కుండానే కింద పెట్టాడు.

"తెచ్చింది నేను గాదమ్మా, అక్క. నేను సేప ఎనకాల పడి, గాలెంతుందో సూపించే ముల్లు సూసుకోలేదు. అయిపోయింది. అక్క తన సిలిండర్లో గాలిచ్చి, సెయ్యి పట్టుకోని మెల్లగా పైకి తెచ్చింది. నాకన్నా అక్కకి గాలి తక్కువే పడతాది, ఇంకా సగం మిగిలే ఉండింది. 'ఆడపిల్లోళ్ళు ముల్లు సూస్తారు, మీరు సేపల్ని సూస్తారు' అని మా సారు అందరి ముందరా తిట్టినాడు."

"మరి నువ్వే తెచ్చినానని యాల సెప్పినావురా?"

"సిగ్గయింది నాయినా."

తులసమ్మ కొడుకు నెత్తిన ఒక మొట్టికాయ వేసింది. వెంటనే అదే చేత్తో వాడి ముఖమంతా తడిమింది. తర్వాత కూతుర్ని దగ్గరికి లాక్కుని ఏడ్చేసింది.

"నువ్వన్నా సెప్పలేదేమమ్మా?" గోపాలస్వామి చేతిలోని టమోటా పక్కన పెట్టేశాడు.

"బతికొచ్చినాడు గదా నాయినా. అది సాలనుకున్నా."

ఆయన లేచి బజారు వైపు వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం అందరూ సంగటి ముందు కూర్చున్నాక, పళ్ళెంలోకి చూస్తూనే నెమ్మదిగా అన్నాడు.

"ఫోన్ సేసొచ్చినా. జాహ్నవి పోతాది. వాణ్ణి తీసుకోని పోయేదీ లేనిదీ ఆయమ్మ ఇష్టం."