ఏమీ మొలవని చెయ్యి

మా ప్రయోగశాల రెండో అంతస్తులో ఉంటుంది. మూడు బల్లలు, ఒక సింకు, మూలన ఇంక్యుబేటర్. దాన్ని మేం పొదుగుపెట్టె అంటాం. ముప్ఫై ఏడు డిగ్రీల దగ్గర రాత్రింబగళ్ళు సన్నగా గురక పెడుతూ ఉంటుంది. వంటవాళ్ళ చేతి ముద్రలు తెచ్చి అందులో పెట్టడం నా పని. సిరా ముద్రలు కావు. వెడల్పాటి గాజు పళ్ళెంలో జెల్లీలాంటి మేత పోసి గడ్డకట్టిస్తాం. వంటవాడు దానిమీద అరచెయ్యి ఆనించి తీస్తాడు. ఆ చేతిమీద బతికే సూక్ష్మజీవులు మర్నాటికి మేత తిని పెరిగి, తెల్లటి, పచ్చటి చుక్కలుగా అచ్చం చెయ్యి ఆకారంలో మొలుస్తాయి. ఎంత కడిగినా ఎన్నో కొన్ని మొలుస్తాయి. పద్దెనిమిదేళ్ళలో మొలవని చెయ్యి నేను చూడలేదు.

ఆ సోమవారం ప్రార్థనామందిరం వంటశాల నుంచి ఐదు పళ్ళేలు తెచ్చాను. అక్కడ రోజూ మధ్యాహ్నం రెండు వందల మందికి ఉచితంగా భోజనం పెడతారు. వాళ్ళలో పదకొండు మంది ఆసుపత్రి పాలయ్యారు. జ్వరం లేదు, వాంతులు లేవు. ఆకలి చచ్చిపోయింది, అంతే. తిన్నది ఒంటికి పట్టడం లేదు. ఆసుపత్రి డాక్టరు మా పెద్దసారుకు ఫోన్ చేసి, వాళ్ళ పేగుల్లో ఉండకూడనివి ఏవీ లేవండీ, ఉండాల్సినవీ లేవు, తోమి బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి అన్నాడట. పదకొండు మందిలో ఒకాయన, రిటైరైన పోస్ట్‌మాన్, ఆ ఉదయమే పోయాడు.

ఐదో పళ్ళెం మా అక్కది.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. నాకు అన్నం వార్చబోయి పదేళ్ళ వయసులో చెయ్యి కాల్చుకుంది. అప్పటినుంచి ఆమె కుడి చిటికెన వేలు లోపలికి వంకర. కిందటి చలికాలం అక్కకు పెద్ద జ్వరం వచ్చింది. మూడో రోజు మా వీధి డాక్టరు నాడి పట్టుకుని చాలాసేపు చూసి, చెయ్యి మంచం మీద పెట్టేసి, నావైపు తిరిగి తల అడ్డంగా ఊపాడు. బంధువులకు ఫోన్ చేయడానికి నేను వరండాలోకి వెళ్ళి వచ్చేసరికి అక్క లేచి కూర్చుని, స్నానానికి వేడినీళ్ళు అడుగుతోంది. ఆ డాక్టరు ఇప్పటికీ నేను ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాడు.

కోలుకున్న వారానికే అక్క ఆ వంటశాలలో చేరింది. అక్కడొక నియమం ఉంది. పొయ్యి వెలిగించే ముందు వంటవాళ్ళు చేతులు కడుక్కుని, తుడుచుకోకుండా ముందుకు చాచి, ‘మా చేతుల మీద మాదంటూ ఏదీ మిగల్చకు’ అని వేడుకోవాలి. మిగతా నలుగురూ గొణిగేసి ఉల్లిపాయల దగ్గరికి పరిగెడతారు. అక్క మాత్రం తడి ఆరేదాకా నిలబడేది.

మంగళవారం ఉదయం పది గంటలకు పొదుగుపెట్టె తెరిచాను. నాలుగు చేతులు బాగా మొలిచాయి. ఒకటైతే ఎంత గుబురుగా ఉందంటే, ఇది చెయ్యి కాదు బాబూ, పెరటి తోట అని పెద్దసారు నవ్వాడు. ఐదోది కడిగిన అద్దంలా ఉంది. మేత పాడైందేమో అనుకుందామంటే, అంచుల్లో గాలినుంచి పడిన చుక్కలు కొన్ని పెరిగాయి. అవి మధ్యలోకి పాకుతూ వచ్చి... ఒక గీత దగ్గర ఆగిపోయాయి. ఆ గీత వెంట చూపు తిప్పాను. అరచెయ్యి. నాలుగు వేళ్ళు. వంకర చిటికెన వేలు.

దాన్ని సారు కంట పడనివ్వలేదు. ముద్ర సరిగ్గా పడలేదు, మళ్ళీ తెస్తానన్నాను. రేపటికి రిపోర్టు కావాలన్నాడు.

రెండు గంటలకు అక్క ఇంటికి వెళ్ళాను. గడప దాకా వచ్చిన చీమల బారు అక్కడే వెనక్కి మళ్ళుతోంది. వంటింటి కిటికీలు మూసి ఉన్నాయి. పట్టపగలే చీకటి. ముందు వాసన కోసం చూశాను. లేదు. తడి గుడ్డ వాసన లేదు, చెత్తబుట్ట వాసన లేదు. బల్లమీద సగం కోసిన పండు, కోసిన వైపు తెల్లగా మెరుస్తోంది. పక్కన గిన్నెలో పాలు.

“ఎప్పటివక్కా?”

“పోయిన నెలవి.”

మూత తీశాను. మీగడ కూడా చెదరలేదు.

ఈగ లేదు. చప్పుడు లేదు. నా ఊపిరి నాకు వినబడుతోంది. నాదొక్కటే...

పళ్ళెం సంగతి చెప్పాను. అక్క ఆశ్చర్యపోలేదు. రోజూ పొయ్యి ముందు అడిగిందే ఇచ్చారు కదా అంది. పోస్ట్‌మాన్ సంగతి చెప్పాను. తల వంచుకుంది. నిజం రాస్తే నిన్ను వంట మాన్పిస్తారు అన్నాను.

అక్క గుసగుసగా అంది. “ఆ రోజు నువ్వు ఫోన్‌కని బయటికి వెళ్ళావు చూడు... అప్పుడు అడిగార్రా నన్ను. ఇంకా ఇక్కడ ఏం పనుంది నీకు అని.”

“ఎవరు?”

“వంట ఉంది అన్నాను. సరే, అది ఉన్నన్నాళ్ళు ఉండు అన్నారు.”

పొయ్యి పక్కన పళ్ళెంలో అన్నం కలిపి ముద్ద చేసింది. నా ముందుకు చాచింది. వంకర చిటికెన వేలు పైకి లేచి ఉంది, ఎప్పటిలాగే.

“ఎండన పడి వచ్చావు. నోరు తెరు.”

నలభై ఏళ్ళుగా ఆ మాట నేను కాదనలేదు. ఆమె వేళ్ళు పెదవులకు తగిలాయి. చల్లగా లేవు. వెచ్చగా లేవు. మింగాను.

సాయంత్రం ప్రయోగశాలలో ఎవరూ లేనప్పుడు కొత్త పళ్ళెం మీద నా కుడి చెయ్యి ఆనించి, దానిమీద అక్క పళ్ళెం నంబరు రాశాను. ఒకవైపు రెండు వందల మంది. ఒకవైపు అక్క. ఎంతసేపు ఆలోచించానో రాయడం అనవసరం.

మర్నాటికి చెయ్యి మొలిచింది. చిటికెన వేలు ఒక్కటీ మొలవలేదు. ఆ వేలు సరిగ్గా ఆనలేదనుకుంటా సార్ అన్నాను. సారు తలూపి సంతకం పెట్టాడు. అక్క ఆ పూటే పొయ్యి వెలిగించింది.

ఇది జరిగి తొమ్మిది రోజులైంది. ఆసుపత్రిలో ఇప్పుడు ముప్ఫై నలుగురు ఉన్నారు. పెద్దసారు నీళ్ళు పరీక్షించమంటున్నాడు. పరీక్షిస్తున్నాను. నాకు ఆకలి వేసి నాలుగు రోజులు. రోజూ సాయంత్రం ఒక పళ్ళెం మీద నా చెయ్యి ఆనిస్తున్నాను. నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు బయల్దేరినా సారు గది తలుపు దాకా వెళ్ళి వెనక్కి వస్తున్నాను.

ఈ ఉదయం పళ్ళెంలో బొటనవేలి కొస ఒక్కటే మొలిచింది. మిగతాదంతా అద్దం. గాలి చుక్కలు మధ్యలోకి పాకి, గీత దగ్గర ఆగిపోయాయి. కొలబద్ద పెట్టి కొలిచాను. రెండుసార్లు కొలిచాను.

ఆ గీత నా చేతికంటే చిన్నది. నా చేతిమీద ఎవరో చెయ్యి వేసి నొక్కినట్టుంది. చిటికెన వేలు లోపలికి వంకర.