అమ్మమ్మ పట్టుకోవలసిన రహస్యం

"వీణ్ణి నమ్మకే. వీడి దగ్గర ఏదో మతలబు ఉంది," అంది అమ్మమ్మ, టీవీ తెర మీదున్న లాంతర్ల కొట్టువాడి వైపు వేలు చూపిస్తూ.

"ఎందుకు అమ్మమ్మా? పాపం, మనకి తాడు ఊరికే ఇచ్చాడు కదా!"

"అందుకే చెప్తున్నా. టికెట్ ఉన్నవాడు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. లేనివాడే నన్ను చూడగానే 'మంచినీళ్ళు కావాలా అమ్మా' అంటాడు."

గిలక పకపకా నవ్వింది. శనివారం మధ్యాహ్నం. పక్క గదిలో అమ్మ కుట్టుమిషన్ టకటకలాడుతోంది. అమ్మమ్మ ఆపరేషన్ అయిన కాలిని స్టూలు మీద చాపుకుని, గేమ్ కంట్రోలర్‌ని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కూర్చుంది.

అమ్మమ్మ ముప్ఫై ఏళ్ళు రైళ్ళలో టికెట్ కలెక్టరు. మనిషి కళ్ళు చూసి టికెట్ ఉందో లేదో చెప్పేసేది. ఇక మనవరాలిని ఇంట్లో అందరూ గిలక అంటారు. గిలక్కాయలాగా గలగలమంటూనే ఉంటుంది మరి. విన్నమాట పొట్టలో ఒక్క నిమిషం కూడా దాచుకోలేదు.

వాళ్ళు ఆడుతున్న ఆట పేరు 'దీపం దీవి'. అందులో రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి. ఒక చాప్టర్ నావికురాలిది. ఆరిపోయిన లైట్‌హౌస్‌ని మళ్ళీ వెలిగించాలని దీవికి వచ్చింది. తర్వాతి చాప్టర్ ఒక పొడుగాటి కుర్రాడిది. అతను అదే లైట్‌హౌస్‌కి కాపలాదారు. దీవి ఒకటే, దారులు అవే. కానీ ఇద్దరూ ఒక్కసారి కూడా ఎదురుపడరు. ఎందుకో తెలియదు.

చాప్టర్ అయిపోయింది. "పద పద, నా వాకర్ ఇటివ్వు," అంది అమ్మమ్మ హడావిడిగా. "అక్కడ ఆ కుర్రాడు సొరంగంలో ఇరుక్కుపోయి ఉన్నాడు."

మోకాలికి వ్యాయామం చేయించే ఫిజియో అక్క పెట్టిన షరతు అది. వరండాలో పది రౌండ్లు నడిస్తేనే తర్వాతి చాప్టర్. ఆట రాకముందు, నడవమంటే అమ్మమ్మ వంద సాకులు చెప్పేది. ఇప్పుడు వాకర్ టకటకకీ, అమ్మ మిషన్ టకటకకీ పోటీ.

నడక అయ్యాక అమ్మమ్మ ఒక చిన్న నోట్‌బుక్ తెరిచి ఏదో రాసుకుంది. గిలక తొంగి చూడబోతే చటుక్కున మూసేసింది.

"ఏం రాశావు?"

"నా అనుమానాలు. రుజువయ్యాక చెప్తా."

మర్నాడు గిలక పై అంతస్తులో ఉండే కళ్ళజోడు ఇంటికి వెళ్ళింది. కళ్ళజోడంటే ఎప్పుడూ సోడాబుడ్డి అద్దాలు పెట్టుకునే గిలక క్లాస్‌మేట్. వాడూ అదే ఆట ఆడుతున్నాడు, పైగా చివరిదాకా వెళ్ళిపోయాడు.

"తొమ్మిదో చాప్టర్ చూస్తావా? బుర్ర తిరిగిపోతుంది!" అన్నాడు.

గిలక చూసింది. నిజంగానే బుర్ర తిరిగిపోయింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా మెట్లన్నీ దిగి ఇంట్లోకి దూసుకొచ్చింది.

"అమ్మమ్మా! అమ్మమ్మా! వాళ్ళిద్దరూ ఎందుకు కలవట్లేదో తెలుసా? ఆ కుర్రాడి కథ ఇప్పటిది కాదు! నలభై ఏళ్ళ కిందటిది! మనం ఒకేసారి జరుగుతున్నాయనుకున్నాం, కాదు! అదే ట్విస్టు!"

పక్క గదిలో మిషన్ ఆగిపోయింది.

అమ్మమ్మ ఏడో చాప్టర్ మధ్యలో ఉంది. తెర మీద నావికురాలు లైట్‌హౌస్ పెరట్లో నిలబడి ఉంది. అమ్మమ్మ కంట్రోలర్‌ని మెల్లగా సోఫా మీద పెట్టింది.

"అలాగా," అంది. అంతే.

ఆ రోజు ఆట ముందుకు సాగలేదు. సోమవారం అమ్మమ్మ "మోకాలు లాగుతోందే" అంది. మంగళవారం "టీవీ చూస్తే కళ్ళు మండుతున్నాయి" అంది. వాకర్ తలుపు పక్కన గోడకి ఆనుకుని ఉండిపోయింది.

బుధవారం ఫిజియో అక్క వచ్చి అమ్మమ్మ కాలు వంచి చూసింది. మొహం చిట్లించింది.

"మళ్ళీ బిగుసుకుపోయిందేంటండీ? ఇవాళ ఎన్ని రౌండ్లు నడిచారు?"

"రెండు."

"మరి నిన్న?"

"నిన్నవి కూడా కలిపే రెండు."

ఫిజియో అక్కకి నవ్వొచ్చింది కానీ ఆపుకుంది. "ఇలాగైతే మెట్లు దిగడం కుదరదండీ. ఆ తర్వాత మీ ఇష్టం."

అక్క వెళ్ళిపోయాక గిలక అమ్మ దగ్గరికి వెళ్ళి మిషన్ పక్కన నిలబడింది.

"అమ్మా, నేనేం అబద్ధం చెప్పలేదు కదా. అమ్మమ్మ ఎందుకు ఆడట్లేదు?"

అమ్మ నోట్లో గుండుసూది ఉంది. తీసి సూదుల దిండులో గుచ్చింది. "ఆ సోఫా దిండు కింద అమ్మమ్మ నోట్‌బుక్ ఉంది. చూడొచ్చేమో అడిగి చూడు."

అమ్మమ్మని అడిగితే "ఇంకేముంది దాచడానికి, చూసుకో" అంది.

గిలక తెరిచింది. అమ్మమ్మ గుండ్రటి చేతిరాత పేజీల నిండా ఉంది.

'లైట్‌హౌస్ పెరడు. అబ్బాయి కథలో మోకాలెత్తు మొక్క. అమ్మాయి కథలో పెద్ద చెట్టు. ఎందుకు?'

'అబ్బాయి కథలో వంతెన కొత్తది. అమ్మాయి కథలో చెక్కలు పుచ్చిపోయాయి. ఎందుకు?'

చివరి పేజీలో ఆదివారం తారీఖు వేసి, కింద రెండు గీతలు గీసి ఉంది: 'దాదాపు దొరికింది. ఇవాళ తేల్చేస్తా.'

గిలక ఆ మాటని మళ్ళీ చదివింది.

"నువ్వే కనిపెట్టేసేదానివి కదా అమ్మమ్మా. నేనే పాడుచేశా. సారీ."

అమ్మమ్మ దగ్గరికి తీసుకుంది. "నీ మీద కోపమేం లేదే తల్లీ. దొంగని పట్టుకుందామని నేను రైల్లో పెట్టె పెట్టె వెతుక్కుంటూ వెళ్తున్నాననుకో. ఎవరో వాడి చెయ్యి పట్టి తీసుకొచ్చి 'ఇదిగోండి, వీడే' అని నా ముందు నిలబెట్టారనుకో. ఇంక ఆ రైల్లో నాకేం పని చెప్పు?"

గిలక నోట్‌బుక్‌ని జాగ్రత్తగా మూసి, మళ్ళీ దిండు కింద పెట్టేసింది.

గురువారం సాయంత్రం స్కూల్ నుంచి వస్తుంటే మెట్ల దగ్గర కళ్ళజోడు కలిశాడు.

"మీ అమ్మమ్మ ఆట ఎంతవరకు వచ్చింది? అసలు ట్విస్టు అది కాదు తెలుసా! ఆఖర్లో ఇంకోటుంది. ఆ కాపలాదారు ఏమయ్యాడంటే..."

గిలక రెండు చెవులూ మూసుకుంది. "చెప్పకు!"

"విను ఒక్కసారి! ఆ కాపలాదారు..."

"లాలాలాలా!" అని గొంతు చించుకుంటూ గిలక రెండేసి మెట్లు ఎక్కేసింది. కింది వాటాలో ఉండే బ్యాంకు మావయ్య తలుపు తెరిచి ఎవరా అని చూశాడు. కళ్ళజోడు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. గిలకేంటి, చెప్పొద్దనడం ఏంటి!

గిలక ఇంట్లోకి వచ్చి అమ్మమ్మ ముందు ఆయాసపడుతూ నిలబడింది.

"అమ్మమ్మా, ఆటలో ఇంకో ట్విస్టు ఉందిట. అదేంటో నాకు తెలీదు. ఒట్టు! వాడు చెప్పబోతే చెవులు మూసుకుని వచ్చేశా."

అమ్మమ్మ తన కళ్ళద్దాలు సవరించుకుంది. "ఏదీ, ఇటు చూడు." మనవరాలి కళ్ళలోకి అచ్చం టికెట్ కలెక్టరులా చూసింది. గిలక రెప్ప వేయకుండా నిలబడింది.

"ఊఁ. నిజంగానే తెలీదు," అని అమ్మమ్మ చెయ్యి చాచింది. "ఆ వాకర్ ఇలా తే. మూడు రోజుల బాకీ ఉంది."

ఆదివారం మధ్యాహ్నానికి ఆఖరి చాప్టర్ వచ్చింది.

తెర మీద తుఫాను. సముద్రంలో ఓడలు దారి తప్పుతున్నాయి. లైట్‌హౌస్‌ని వెలిగించే కిటుకు ఆ పాత కాపలాదారుకి ఒక్కడికే తెలుసు. నలభై ఏళ్ళ కిందట ఏదో తప్పు జరిగిందని సిగ్గుపడి, పేరు మార్చుకుని అదే దీవిలో బతుకుతున్నాడు. ఊళ్ళో ముసలివాళ్ళు ముగ్గురున్నారు. ఒకాయన రొట్టెలు చేస్తాడు, ఒకాయన పడవ నడుపుతాడు, ఇంకొకాయన గంటలు బాగుచేస్తాడు. నావికురాలు వాళ్ళలో ఒకరికి తాళంచెవి ఇవ్వాలి. అవకాశం ఒక్కటే. తప్పు మనిషికి ఇస్తే దీపం వెలగదు, కథ చీకట్లోనే ముగిసిపోతుంది.

అమ్మమ్మ ముగ్గురి దగ్గరికీ వెళ్ళింది. ముగ్గురితోనూ మాట్లాడింది.

అప్పుడు గిలక చూసింది. రొట్టెలాయన కొట్టు తలుపు ఇద్దరు మనుషులంత ఎత్తుంది. అయినా ఆయన తల వంచి లోపలికి వెళ్ళాడు. లైట్‌హౌస్‌లో ఆ పొడుగాటి కుర్రాడు కూడా అంతే. అక్కడ గుమ్మం బాగా పొట్టిది. వెళ్ళినప్పుడల్లా తల వంచేవాడు!

'అమ్మమ్మా, ఆయనే!' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది.

తెర మీద నావికురాలు గంటలాయన వైపు నడుస్తోంది.

గిలక వంటింట్లోకి పరిగెత్తింది. గ్లాసులో నీళ్ళు నోటినిండా పోసుకుంది. బుగ్గలు బూరెల్లా ఉబ్బించుకుని వచ్చి సోఫాలో కూర్చుంది.

నావికురాలు గంటలాయన ముందు ఆగింది. అమ్మమ్మ బొటనవేలు బటన్ మీద ఉంది. గిలక కళ్ళు గట్టిగా మూసుకుంది. ఓడలు మునిగిపోతే మునిగిపోనీ. ఇది అమ్మమ్మ ఆట.

"ఆగాగు," అని గొణిగింది అమ్మమ్మ. వేలు బటన్ మీంచి తీసేసింది. "ఆ రొట్టెలాయన... మళ్ళీ ఒకసారి చూడనీ."

నావికురాలు వెనక్కి తిరిగింది. రొట్టెలాయన బయటికి వచ్చాడు. తల వంచాడు.

"అంత ఎత్తు గుమ్మంలో తల వంచడం దేనికయ్యా?" అమ్మమ్మ గొంతు ఖంగుమంది. "దొరికావు! నలభై ఏళ్ళయినా అలవాటు పోలేదు నీకు!"

తాళంచెవి ఆయన చేతిలో పెట్టింది. తెరంతా పసుపు వెలుగుతో నిండిపోయింది. ఓడలన్నీ ఒక్కొక్కటే ఒడ్డువైపు తిరిగాయి. అమ్మ మెడలో టేపుతో సహా పరిగెత్తుకొచ్చింది. అమ్మమ్మ చప్పట్లు కొడుతోంది, ఎదురుగా ఉన్న రొట్టెలాయన్ని తిడుతోంది, నవ్వుతోంది.

తర్వాత అమ్మమ్మ గిలక బుగ్గల వైపు చూసింది.

"నువ్వు ముందే కనిపెట్టేశావు కదూ?"

గిలక నీళ్ళు గుటుక్కున మింగింది. తల ఊపింది.

"ఒక్క ముక్క కూడా చెప్పలేదే!"

"నువ్వెలా పట్టుకున్నావో చెప్పు అమ్మమ్మా," అంది గిలక. "మొదట్నుంచి చెప్పాలి. ఏదీ వదలకూడదు."

"మొదట్నుంచా? చాలా పెద్ద కథే అది." అమ్మమ్మ వాకర్ అందుకుని లేచింది. "పద, నడుస్తూ చెప్తా."

ఇద్దరూ వరండాలోకి వెళ్ళారు. ఎనిమిదో రౌండ్ అయ్యేసరికి అమ్మమ్మ ఇంకా మూడో చాప్టర్‌లోనే ఉంది. పది రౌండ్లు దాటాయి. ఎవరూ లెక్కపెట్టలేదు. అమ్మమ్మ ఒకచోట ఆగి, వాకర్ మీద చెయ్యి ఆనించి, ఊపిరి తీసుకుంది.

గిలక ఎదురుచూసింది. తర్వాత మెల్లగా అడిగింది:

"ఊఁ... ఆ తర్వాత?"