సచికో పిన్ని పేరు

రూతు క్లాసు ముందు నిలబడి కాగితం విమానాన్ని గాల్లోకి ఎత్తింది. దాని తోక చింపి చూపించింది.

"తోక ఊడిపోయాక దాదాపు అరగంట ఇలా ఊగుతూ తిరిగింది. చివరికి కొండకి కొట్టుకుంది. ఐదువందల ఇరవైమంది చనిపోయారు," అంటూ విమానాన్ని టీచర్ బల్ల మీద ధబ్బున పడేసింది.

అది 1985 సెప్టెంబరు. అమెరికాలోని నోవై ఊళ్ళో స్కూళ్ళు తెరిచి వారమే అయింది. ఐదో క్లాసు పిల్లలు శుక్రవారం పూట ఒక్కో పేపర్ వార్త చెప్పాలి. ఆగస్టులో జపాన్‌లో కూలిన పెద్ద విమానం గురించి నాన్న తెచ్చిన పేపర్లన్నీ చదివింది రూతు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటుంటే ఆమెకు గర్వంగా అనిపించింది.

అంతలో వెనక వరసలోంచి సచికో లేచింది. జపాన్ నుంచి కొత్తగా వచ్చిన పిల్ల. వాళ్ళ నాన్న కార్ల కంపెనీలో ఇంజనీరు. ఎవరినీ అడక్కుండా గది దాటి వెళ్ళిపోయింది.

టీచర్ కంగారుగా వెనకే వెళ్ళింది. చాలాసేపటికి ఒక్కతే తిరిగొచ్చి, రూతును పక్కకి పిలిచింది. సచికో వాళ్ళమ్మకి ఫోన్ చేస్తే తెలిసిందట, సచికో పిన్ని ఆ విమానంలోనే ఉందని. అమెరికా వచ్చేస్తున్న అక్కవాళ్ళని సాగనంపడానికి టోక్యో వచ్చి, తిరిగి ఒసాకాలోని తన ఇంటికి వెళుతూ అది ఎక్కిందట.

రూతు సారీ చెబుదామని పరుగెత్తింది. అప్పటికే సచికోని వాళ్ళమ్మ తీసుకెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం రూతుకి అన్నం సయించలేదు. అమ్మ అడిగితే జరిగిందంతా చెప్పింది.

"నేను పేపర్‌లో ఉన్నదే చెప్పాను మమ్మీ. అన్నీ ట్రూ," అంటూ ఏడ్చింది.

అమ్మ తిట్టలేదు. ప్రార్థనకి కూర్చున్నాక, ఆ కుటుంబానికి ఓదార్పు కావాలని అడుగుదామంది.

"వాళ్ళ పిన్ని పేరేంటమ్మా?" అని రూతుని అడిగింది.

విమానం ఎంతసేపు తిరిగిందో రూతుకి తెలుసు. ఎంతమంది బతికారో కూడా తెలుసు. ఆ పేరు మాత్రం తెలియదు.

సోమవారం సచికో వచ్చింది. రూతు సారీ చెబితే తల ఊపిందే గాని, ముఖం చూడలేదు. మంగళవారమూ అంతే. బుధవారం లంచ్‌లో రూతు తన ట్రే తీసుకెళ్ళి ఆమె ఎదురుగా కూర్చుంది.

సగం తిన్నాక రూతు మెల్లగా అడిగింది. "మీ పిన్ని పేరేంటి?"

సచికో తినడం ఆపింది. "హిరోమి," అంది.

తర్వాత వచ్చీరాని ఇంగ్లిష్‌లో, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. పిన్ని చాలా గట్టిగా నవ్వేదట. రైల్లో నవ్వితే అందరూ తిరిగి చూసేవారట. ఎయిర్‌పోర్ట్‌లో మాత్రం నవ్వలేదట. సచికో చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదట.

చెబుతూ చెబుతూ సచికో ఏడ్చేసింది. రూతు నోటిదాకా ఎన్నో ప్రశ్నలు వచ్చాయి. ఒక్కటీ అడగలేదు.

బెల్ కొట్టారు. పిల్లలంతా ట్రేలు తీసుకుని లేచారు. రూతు లేవలేదు. సచికో చెప్పడం అయ్యేదాకా అక్కడే కూర్చుని విన్నది.