గని తలుపు అవతల

"విక్టోరియా రాణి కాలం మొదట్లో మీకంటే చిన్నపిల్లలు ఇక్కడ పనిచేసేవారు," అంది గైడ్. "బొగ్గు బండి వస్తే ఈ తలుపు తెరవాలి. వెళ్లాక మూయాలి. రోజంతా అదే పని. చీకట్లో, ఒంటరిగా."

ఇంగ్లండ్‌లోని లీసెస్టర్ నుంచి స్కూల్ ట్రిప్‌కి వచ్చిన పిల్లలు ఆ పాత బొగ్గు గనిలో హెల్మెట్లు పెట్టుకుని నిలబడ్డారు. పూజితకు ఇదంతా గొప్ప సాహసంలా ఉంది. ఆ కాలంలో పుట్టి ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది.

టీచర్ మిస్ హార్పర్, గైడ్ ముందుకు కదిలారు. పిల్లలు వాళ్ల వెనకే నడిచారు. కావ్యశ్రీ మాత్రం తలుపు అవతలికి తొంగిచూస్తోంది. అక్కడ సొరంగం కొంచెమే ఉంది, తర్వాత గోడ కట్టేశారు.

కావ్యశ్రీ ఈమధ్యే కరీంనగర్ నుంచి వచ్చింది. క్లాసులో తెలుగు తెలిసింది పూజితకే. అందుకే ఎప్పుడూ ఆమె పక్కనే ఉండేది.

"లోపల కూర్చో. నువ్వే ఆ గని పిల్లవి," అంది ఆమెతోపాటు వెనకే ఆగిన పూజిత.

"వద్దే, నాకు భయమైతది."

"జస్ట్ ఫర్ ఫన్, కావ్యా."

కావ్యశ్రీ మొహమాటంగా నవ్వి లోపలికి వెళ్లింది. పూజిత తలుపు మూసింది. కాసేపు నవ్వుకుని, తెరవబోయింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. కదల్లేదు.

లోపలి నుంచి కేకలు వస్తాయనుకుంది. చప్పుడే లేదు.

"కావ్యా, ప్లీజ్, మాట్లాడు."

పూజిత మిస్ హార్పర్ దగ్గరికి పరుగెత్తింది.

గైడ్ వచ్చి, కింద బిగుసుకున్న తలుపును భుజంతో ఎత్తి తెరిచింది. లైటు వెలుగు లోపల పడింది. కావ్యశ్రీ మోకాళ్లు ముడుచుకుని, చెవులు మూసుకుని కూర్చుంది. కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ చూడటం లేదు. ప్యాంటు తడిసిపోయింది.

మూసింది కాసేపే. ఆ కాసేపటికే మనిషి ఇలా అయిపోతుందని పూజితకు తెలియదు.

"ఏం జరిగింది?" అని అడిగింది మిస్ హార్పర్.

పూజిత తలుపు మూయడం ఎవరూ చూడలేదు. తలుపు దానంతటదే పడిందని చెప్పవచ్చు.

"నేనే మూశాను, మిస్," అంది పూజిత. తన కోటు విప్పి కావ్యశ్రీ నడుముకు చుట్టి కట్టింది. కావ్యశ్రీ ఆమె వైపు చూడలేదు.

బయటికి వెళ్లే దారిలో మరో తలుపు ఉంది. దాన్ని చూడగానే కావ్యశ్రీ ఆగిపోయింది. పూజిత ముందుకు వెళ్లి, తలుపు తోసి, దానికి వీపు ఆనించి నిలబడింది. అది చాలా బరువుగా ఉంది. పిల్లలు ఒక్కొక్కరే దాటారు.

"మల్ల మూస్తవా?" అంది కావ్యశ్రీ, చాలా నెమ్మదిగా.

"మూయను. నువ్వు వెళ్లేదాకా పట్టుకునే ఉంటా."

కావ్యశ్రీ చాలాసేపు కదల్లేదు. పూజిత భుజాలు లాగేస్తున్నాయి. అయినా తలుపు వదల్లేదు.