నిండుకున్న ఖాతా

పొద్దున్నే శేషమ్మ వచ్చి భాగ్య వరండాలో బ్యాంకు మిషను మీద వేలు పెట్టింది. గొర్రెలు కొన్న పొదిలి వ్యాపారి ఆ డబ్బు ఆమె ఖాతాలో వేస్తానన్నాడు. సిగ్నల్ లేక మిషను తిరుగుతూనే ఉంది. ఇంతలో ఆమె మిగతా మంద ఎవరి కందిచేలోనో పడింది.

"నేను పోతా తల్లీ. పడినాయో లేదో నువ్వే మా రమ్యకు ఫోన్ చేసి చెప్పు," అంటూ పరుగెత్తింది.

కాసేపటికి మిషను చూసి, "అయ్యో, లేవే," అంది భాగ్య.

పాలు పితికి వస్తున్న అత్తగారు మాలకొండమ్మ అక్కడే ఆగింది. "బోణీ వేళ లేవు అంటావేంది? లక్ష్మి తిరిగే ఇంట్లో ఆ మాట రాగూడదు. నిండుకున్నాయి అనాల."

ఆమెతో వాదన పెట్టుకునే ధైర్యం ఎవరికుంది? భాగ్య బ్యాంకు ఏజెంటు పనికి ఒప్పుకున్న నాడే, "ఊళ్లోవాళ్ల సొమ్ము మనకెందుకు, ఎప్పుడో నింద తెస్తది," అని ముఖం ముడుచుకున్న మనిషి. అయినా వెలిగండ్ల బ్యాంకు దగ్గర పడిగాపులు తప్పాయని ఊరంతా భాగ్యను నమ్మి వేలు పెడుతున్నారు. ఆ నమ్మకం పోతే మిషను ఉండీ దండగే.

గిద్దలూరులో నర్సింగ్ చదువుతున్న శేషమ్మ మనవరాలికి అత్తగారి ఎదుటే ఫోన్ చేసింది. "రమ్యా, అవ్వ ఖాతాలో నిండుకున్నాయి."

"సరేక్కా," అని హుషారుగా పెట్టేసింది ఆ పిల్ల.

మధ్యాహ్నం శేషమ్మ రమ్య పరీక్ష ఫీజుకు డబ్బు తీయమని వచ్చింది. ఖాతా ఖాళీ, వ్యాపారి ఇంకా వేయలేదు అంది భాగ్య.

"పొద్దున ఉన్నాయని నువ్వే చెప్పినావంట గదా. నా వేలు పెట్టించుకొని ఏం చేసినావమ్మా?"

"లేవనే చెప్పినానవ్వా. కావాలంటే కాగితం చూడు."

"కాగితమూ నీ మిషనే ఇస్తది గదా," అన్నాడు గోడ పక్కనుంచి పొరుగింటి కాటమరాజు. నిప్పు లేనిదే పొగ రాదని ఇంకెవరో గొణిగారు. చూస్తుండగానే వరండా నిండా జనం. భాగ్య మిషను వైపు చూసింది. ఇక ఈ ఊళ్లో తన ముందు ఎవరు వేలు పెడతారు?

మాలకొండమ్మ దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "నిజం చెప్పు. ఏమన్నా వాడుకున్నావా?"

ఊరంతా అన్నదానికంటే ఆ మాటే భాగ్య గుండెను కోసింది. రమ్యకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది. "నేను పొద్దున ఏమన్నానో, అదే మాట చెప్పు."

"నిండుకున్నాయన్నావక్కా. ఖాతా నిండిందనే కదా?"

చిన్నప్పటి నుంచీ హాస్టళ్లలో పెరిగిన పిల్లకు, నిండుకోవడమంటే అయిపోవడమని ఎవరు చెప్పారు గనక?

మాలకొండమ్మ గడపలో కూలబడి శేషమ్మ వైపు చూసింది. "పెద్దమ్మా, తప్పు నాది. నింద వస్తదని నేను భయపడితి, అది నా నోటి నుంచే వచ్చె." కోడలి వైపు తిరిగింది. "నిన్ను ఆ మాట అడిగినా చూడు, నా నోట మన్నుబడ. ముందు ఆ పిల్ల ఫీజు మన డబ్బులోంచి పంపు."

భాగ్య ఫోన్లో ఫీజు పంపించింది గానీ, అంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది. శేషమ్మ తన పైటతో ఆమె కళ్లు తుడిచింది.

"ఒంటరిదాన్ని తల్లీ, భయమేసింది. మనసులో పెట్టుకోమాక."

మాలకొండమ్మ లేచి జనం వైపు చూసింది. "నా కోడల్ని నమ్మనోళ్లు వెలిగండ్లకు పోండి. బస్సుంది. నమ్మినోళ్లు కూచోండి."

ఎవరూ బస్సు కోసం కదలలేదు. కాటమరాజు తల దించుకుని వచ్చి, మిషను మీద వేలు పెట్టాడు.