ఇరవైకి నాలుగు

"ఈ ఎర్ర గీత ఎవురు గీసింది?"

ప్రశ్న గుమ్మంలోంచి వచ్చింది. ఆ వెనకే తడిసిన గొడుగు వచ్చింది. ఆ తర్వాత మనిషి వచ్చింది.

సుధీర్ ఫైలులోంచి తలెత్తాడు. ఆత్మకూరులో వాన పడటమే ఒక వార్త. ఆ వానలో ఒకమ్మాయి కళ్ళెర్రజేసుకుని స్టాఫ్ రూములోకి దూసుకురావడం ఇంకా పెద్ద వార్త.

"నేనే గీసినాను."

"సుధీర్ సారంటే మీరేనా?"

"ఔను. మీరు?"

"మీరు కొట్టేసిన మనిషిని."

"నేను కొట్టేసింది పేపర్ని మేడం. మనిషిని కాదు."

"నాకు రెండూ ఒకటే," అంటూ ఆమె చేతిలోని కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

ఆమె పేరు పావని. ఉదయగిరిలో గెస్ట్ లెక్చరర్. బి.ఏ. తెలుగు విద్యార్థులకు యూనివర్సిటీ కొత్త సిలబస్ తయారు చేయిస్తోంది. ఆ కమిటీకి సుధీర్ కన్వీనర్. ఆరో సెమిస్టర్ కోసం పావని ఒక పేపర్ రాసి పంపింది. పేరు 'పనివాళ్ళ మాట'. విద్యార్థులు పాఠ్యపుస్తకం మూసేసి గరిటెలు చెక్కేవాళ్ళ దగ్గరకూ, చెరువులో వలేసేవాళ్ళ దగ్గరకూ పోవాలి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసుకురావాలి.

దాని మీద మూల నుంచి మూలకి ఎర్ర గీత. కింద సుధీర్ చేతిరాత: 'మార్కులు వేసే పద్ధతి లేదు. తొలగించాలి.'

"నలభై మంది పిల్లలు నలభై మంది ముసలోళ్ళ దగ్గర రాసుకోనొస్తారు," అన్నాడు సుధీర్. "ఎవురు సరిగ్గా రాసినారో నాకెట్ట తెలుస్తాది? దేన్ని చూసి మార్కులెయ్యాల?"

"మీకు తెలవదు కాబట్టి పేపరే ఉండకూడదా?"

"శుక్రవారం సాయంత్రం ఐదుకి సిలబస్ ఫైనల్. ఆలోగా పద్ధతి చెప్పండి. గీత నేనే తీసేస్తా."

"ఎర్ర ఇంకు పోదు సార్."

"నా దగ్గర వైట్‌నర్ ఉండాది."

ఆమెకు నవ్వు రాబోయింది. దాన్ని గట్టిగా అదిమేసింది.

"ఈసారి తప్పితే మళ్ళీ సిలబస్ ఎప్పుడు మారుస్తారు?"

"ఐదేళ్ళకి."

"గరిటెలు చెక్కే మా అవ్వకి డెబ్బై ఎనిమిది. ఐదేళ్ళు ఆగమని ఆమెకు మీరే చెప్పండి. రేపు ఆదివారం. ఉదయగిరికి రండి."

అది ఆహ్వానం కాదు. సవాలు. సుధీర్‌కి ఆ సంగతి అర్థమైంది. అయినా మర్నాడు పొద్దున ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా ఎందుకు వేసుకున్నాడో మాత్రం అతనికే అర్థం కాలేదు.

*

దుర్గం కొండ కింద, రేకుల వసారాలో వెంగమ్మ ఆకురాయితో గరిటె అంచు నున్నగా రుద్దుతోంది. ఒళ్ళో చెక్కపొట్టు. పక్కన చెక్కిన గరిటెల కుప్ప.

"అవ్వా, మన పేపర్ కొట్టేసిన సారు ఈయనే," అంది పావని.

వెంగమ్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"కూర్చో అబ్బయా. ఉలి పట్టినావా ఎప్పుడన్నా?"

"లేదవ్వా."

"పట్టు."

మూడు గంటలు పట్టింది. సుధీర్ చేతిలోని కర్ర చివరికి గరిటె అని ఒప్పుకునే స్థితికి వచ్చింది. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. చొక్కా ఇస్త్రీ పోయింది. ఇంక లేవబోతుంటే వెంగమ్మ ముంతలో రాగి గంజి తెచ్చి ముందు పెట్టింది.

"దాంతో తాగు."

"ఇప్పుడా?"

"మా పద్ధతి అంతే సార్," అంది పావని, నవ్వు దాచుకోకుండా. "కొత్తగా చెక్కినోళ్ళు తమ గరిటెతో తామే అందరి ముందర గంజి తాగాల. ఆ తర్వాతే ఇంకొకరికి ఇచ్చేది."

సుధీర్ తాగాడు. రెండో గుటకకే కింది పెదవిలో చెక్క పేడు దిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కానీ పావని చూస్తోంది. ముంత ఖాళీ అయ్యేదాకా ఆపలేదు.

"కదలొద్దు," అంటూ పావని అతని గడ్డం పట్టుకుని పిన్నీసుతో పేడు తీసింది. ఆమె కనురెప్ప మీద చెక్కపొట్టు ఒక రవ్వ మెరుస్తోంది. అది చెప్పాలా వద్దా అని సిలబస్ కమిటీ కన్వీనర్ తీవ్రంగా ఆలోచించాడు. చెబితే తుడిచేసుకుంటుందని చెప్పలేదు.

"బాగుండాదో లేదో కర్ర చెప్పదు," అంది వెంగమ్మ. "తినేవాడి పెదివి చెప్పాల."

సుధీర్ చటుక్కున తలెత్తాడు.

"మరి మాటకి? రాసిన మాట బాగుండాదో లేదో ఎవురు చెప్పాల?"

"చెప్పినోళ్ళ చెవి," అంది పావని నెమ్మదిగా.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పద్ధతి దొరికింది. రాసినవాడు, చెప్పిన మనిషికే చదివి వినిపించాలి. ఆ మనిషే మార్కులు వెయ్యాలి.

"మొదటి పరీక్ష నాకే పెట్టండి," అన్నాడు సుధీర్. యూనివర్సిటీ గోల్డ్ మెడలిస్ట్ కదా, ధైర్యం ఎక్కువ.

వెంగమ్మ చెప్పింది. ఆమెది ఎడమచేతి వాటం. కాపురానికొచ్చిన కొత్తల్లో ఎడమచేత్తో సంగటి కెలుకుతుంటే అత్త రోజూ తిట్టేది. మొగుడు ఏమీ మాట్లాడేవాడు కాదు. ఒకరోజు మొహం ఎడమకు తిరిగిన గరిటె చెక్కి పొయ్యి పక్కన పడేసి పోయాడు. అది కుడిచేతికి పనికిరాదు. ఇంట్లో ఇంకెవరూ దాన్ని ముట్టుకోలేదు. అత్త కూడా ఇంక తిట్టలేదు.

సుధీర్ అరగంటలో శుభ్రంగా రాసి, గొంతు సవరించుకుని చదివాడు.

"మా దాంపత్యం అన్యోన్యమైనది. నా భర్త నా పట్ల అపారమైన అనురాగం కలిగి ఉండేవారు..."

"ఎవురి కథ నాయనా అది?"

"మీదే అవ్వా."

"నేనిట్ట అనలా. అనురాగమంట! మా ఆయన నాతో ఒక్కనాడన్నా ప్రేమగా మాట్లాడి ఎరగడు. గరిటె చెక్కినాడు. అంతే. నువ్వు ఆ గరిటె తీసేసి, ఇంకేందో పెట్టినావు."

పావని ఆ కాగితాన్ని లాక్కుంది.

"ఇరవైకి ఎన్నెయ్యమంటావు అవ్వా?" అంది పావని.

"నాలుగెయ్యి."

"ఆ నాలుగు దేనికి?"

"గంజి పూర్తిగా తాగినాడు గదా."

పావని కాగితం మీద నాలుగు వేసింది. పక్కన వెంగమ్మ వేలిముద్ర వేసింది.

*

శుక్రవారం. నాలుగు గంటల ఇరవై నిమిషాలు.

కమిటీ ఛైర్మన్ జనార్దనయ్య ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నారు. రిటైరైన ప్రొఫెసర్. సీతారామపురంలో పుట్టినా, ఆయన నోట ఎప్పుడూ అచ్చులో దించినట్టు మాట వస్తుంది.

"వేలిముద్రతో మార్కుల పత్రమా? నువ్వు గోల్డ్ మెడలిస్టువి సుధీర్."

"ఔను సార్. ఆ గోల్డ్ మెడలిస్టుకే నాలుగొచ్చినాయి. దీనికి గైడు లేదు, కాపీ కుదరదు. ఇంతకన్నా గట్టి పరీక్ష మన సిలబస్ మొత్తంలో లేదు."

"మీ నాన్నగారు నాకు స్నేహితులు. గరిటెలవాళ్ళ ఇంట్లో రోజంతా కూర్చున్నావని విని ఆయన బాధపడుతున్నారు."

"ఊరికే కూర్చోలేదు సార్. ఫెయిలైనాను."

"ఈ పేపర్ తీసేశాం. సంతకం పెట్టు."

"పెట్టను."

ఇద్దరి సంతకాలూ లేకపోతే ఐదింటికి ఫైలు కదలదు. కదలకపోతే పాత సిలబస్సే కొనసాగుతుంది. కన్వీనర్‌కి షోకాజ్ నోటీసు ఖాయం.

జనార్దనయ్య మొహం ఎర్రబడింది. ఆయన లేచి నిలబడ్డారు. నలభై ఏళ్ళుగా దాచిపెట్టిన గొంతు ఒక్కసారి బయటికొచ్చింది.

"యాడ నేర్చుకున్నావురా ఈ మొండితనం? నేను సీతారామపురం నుంచి చెప్పుల్లేకుండా నడిచొచ్చి సదువుకున్నా! నా మాట మీద నవ్వినారు నాయాళ్ళు! ఆ మాట పోగొట్టుకునేదానికి నాకు పదేళ్ళు పట్టింది. ఇప్పుడు దాన్నే తెచ్చి పాఠం జేస్తానంటావా?"

బల్ల గుద్ది మరీ అరిచి, ఆయాసంతో కూలబడ్డారు.

గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న పావని లేచింది. కమిటీ పిలిస్తే వివరణ ఇవ్వడానికి వచ్చిన మనిషి ఆమె. ఇంతవరకూ ఎవరూ పిలవలేదు. చేతిలో నోటుబుక్కు ఉంది.

"సార్, మీరు చెప్పింది రాసినాను. చదవమంటారా?"

జవాబు కోసం ఆగకుండా చదివింది. ఒక్క మాట దిద్దలేదు. ఆయన 'సదువు'ను 'చదువు' చెయ్యలేదు. 'నాయాళ్ళు' దగ్గర గొంతు తగ్గించనూ లేదు.

జనార్దనయ్య కిటికీ వైపు తిరిగారు.

"ఇట్టనే మాట్లాడేది మా అమ్మ," అన్నారు.

"మార్కులెయ్యండి సార్," అంది పావని. "చెప్పింది మీరు."

"పద్దెనిమిది."

"రెండెందుకు తగ్గించినారు?"

"మధ్యలో బల్ల మీద గుద్దినాను. అది నువ్వు రాయలేదు."

సుధీర్ వైట్‌నర్ మూత తీశాడు. జనార్దనయ్య దాన్ని లాక్కుని, ఎర్ర గీతను తన చేత్తోనే చెరిపారు. నాలుగు యాభై రెండుకి రెండు సంతకాలు పడ్డాయి.

పావని నోటుబుక్కు మూసింది. పెన్ను ఇంకా ఆమె ఎడమచేతిలోనే ఉంది.

సుధీర్ అది చూశాడు.

*

బస్టాండులో మళ్ళీ వాన. ఒకటే గొడుగు.

"మేం పొగరుబోతులం. మీరు మాకంటే పొగరుబోతు. నోటీసు వచ్చుంటే ఏం చేసేవాళ్ళు?" అంది పావని.

"ఉదయగిరికొచ్చి గరిటెలు చెక్కేవాణ్ణి."

"మీ గరిటెలతో ఊరంతా పెదవులు చీల్చుకునేది," అని నవ్వుతూ బస్సెక్కింది పావని.

రెండు వారాలు అతను ఫోన్ చెయ్యలేదు. ఆమె కూడా చెయ్యలేదు. మూడో ఆదివారం వసారా ముందు నిలబడ్డాడు. చేతులకు నాలుగు చోట్ల ప్లాస్టర్లున్నాయి.

"ఏంది సార్, సప్లిమెంటరీ రాసేదానికొచ్చినారా?" అంది పావని.

సుధీర్ కాగితం తీయలేదు. సంచిలోంచి ఒక గరిటె తీశాడు. వెంగమ్మను గంజి అడిగి, ఆ గరిటెతోనే ముంత ఖాళీ చేశాడు. పెదవి తుడుచుకుని చూపించాడు. నెత్తురు లేదు.

తర్వాత గరిటెను కడిగి పావని ముందు పెట్టాడు.

దాని మొహం ఎడమకు తిరిగి ఉంది.

వెంగమ్మ ఆకురాయి ఆగింది.

"మీ ఇంట్లో తెలుసునా అబ్బయా?" అంది ముసలామె.

"చెప్పేసినాను అవ్వా. మా నాయన రెండ్రోజులుగా మాట్లాడటంలా. మాట్లాడేదాకా రోజూ చెప్తానే ఉంటా."

పావని గరిటెను ఎడమచేత్తో తీసుకుంది. అంచును కింది పెదవి మీదుగా నెమ్మదిగా జరిపింది. ఎక్కడా పేడు లేదు.

"దీనికి మార్కులు ఎవురెయ్యాల?"

"ఎవురికోసం చెక్కినానో వాళ్ళు."

"నాలుగు."

సుధీర్ మొహం వాడిపోయింది. "ఇరవైకా? మళ్ళీ నాలుగేనా?"

"నాలుగే," అంది పావని, గరిటెను గుండెకు ఆనించుకుని. "పాస్ చేస్తే మళ్ళీ ఆదివారం నువ్వు రావు గదా."